పదహారేళ్లు షెడ్డులో ఉన్న అంబాసడర్ బ్రేకులు: ఆయిల్ మార్చి ఎయిర్ తీస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. కావలి దగ్గర పల్లెలో మీ నాన్నగారి 1972 నాటి అంబాసడర్ మార్క్ 2 పదహారేళ్లుగా షెడ్డులో ఉంది. బ్యాటరీ మార్చి, పెట్రోలు ట్యాంకు కడిగించాక ఇంజను స్టార్టయింది. బ్రేకు పెడల్ మాత్రం మొదట నేలదాకా పోయింది. కొత్త బ్రేక్ ఆయిల్ పోసి పాతిక ముప్పై సార్లు తొక్కేసరికి గట్టిపడింది గాని, అప్పటినుంచి ఎడమవైపు వెనుక చక్రం తిరగడం లేదు. పాత ఆయిల్ తీసేసి, కొత్తది పోసి, ఎయిర్ తీస్తే, అంటే పైపుల్లో చిక్కిన గాలిని బయటికి పంపితే, చాలునని, బండి నడుపుకుంటూ నెల్లూరు తీసుకుపోవచ్చునని మీ ఊరి మెకానిక్ చెప్పారు. ఆ మాట నమ్మవచ్చా అని అడిగారు.

నమ్మవద్దు. ఆ బ్రేకులతో ఆ బండిని షెడ్డు గడప కూడా దాటించవద్దు. నెల్లూరుకు తేవాలంటే చిన్న లారీ మీద ఎక్కించి తీసుకురండి. నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములూ విప్పాలి. మాస్టర్ సిలిండర్‌నూ ప్రతి వీల్ సిలిండర్‌నూ విడదీసి లోపలి గోడ చూడాలి. మాస్టర్ సిలిండర్ పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మారుస్తుంది, వీల్ సిలిండర్లు ఆ ఒత్తిడితో డ్రమ్ము లోపలి బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కుతాయి. ఆయిల్ జారకుండా పిస్టన్ దగ్గర ఉండే రబ్బరు కప్పులు, దుమ్ము ఆపే రబ్బరు బూట్లు, వంగే రబ్బరు హోస్ పైపులు ఎంత బాగా కనబడినా మార్చాలి. ఇనుప పైపులను పరిశీలించి నిర్ణయించాలి. ఇవన్నీ అయ్యాకే కొత్త ఆయిల్ సంగతి. పని తెలిసిన మనిషికి ఇది నాలుగైదు రోజుల పని, సామాను దొరకడం ఆలస్యమైతే ఇంకా ఎక్కువ.

నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా పాత అంబాసడర్లు, ఫియట్లు, జీపుల పని చేస్తున్నాను. నా అనుభవంలో, నిలిచిపోయిన బండి బ్రేకుల గురించి పెడల్ చెప్పే మాటకు విలువ లేదు. పెడల్ గట్టిగా ఉన్నదంటే ఆ నిమిషానికి లోపల ఒత్తిడి నిలిచిందని మాత్రమే అర్థం. ఎన్ని రోజులు నిలుస్తుందో, ఏ తొక్కుడుకు జారిపోతుందో అది చెప్పదు. పైగా మీ బండిలో ఉన్నది ఒకే మార్గపు బ్రేకు. ఒక మాస్టర్ సిలిండర్, అందులో ఒకే గది, దాని నుంచే నాలుగు చక్రాలకూ ఆయిల్ వెళుతుంది. ఇప్పటి కార్లలో ఒక మార్గం పోయినా రెండోది సగం బ్రేకు నిలుపుతుంది. మీ బండిలో ఏ ఒక్క చక్రం దగ్గర ఒక్క కప్పు చిరిగినా, ఒక్క హోస్ పగిలినా, నాలుగు చక్రాలకూ బ్రేకు ఒకేసారి పోతుంది. ఆ తర్వాత మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే, పదహారేళ్ల తర్వాత దాని కేబుల్ కదులుతుందో లేదో కూడా చూడాలి.

లోపల ఏం జరిగి ఉంటుందో చెబుతాను, తెలిస్తే ఏ పని ఎందుకో మీకే బోధపడుతుంది. అలవాటుగా బ్రేక్ ఆయిల్ అంటాం గాని అది నూనె జాతి కాదు. అది గ్లైకాల్ ద్రవం, వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్లు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మాస్టర్ సిలిండర్ మూతకు ఉండే గాలి రంధ్రం నుంచే కాకుండా హోస్ పైపుల రబ్బరు గోడల గుండా కూడా తేమ లోపలికి చేరుతుంది. తిరిగే బండిలో ఏడాదికో రెండేళ్లకో ఆయిల్ మారుస్తాం కనుక నష్టం పెద్దగా ఉండదు. నిలిచిన బండిలో ఆ తేమ వీల్ సిలిండర్ల అడుగు భాగాన పోత ఇనుమును తింటుంది. కప్పు అంచు ఏళ్ల తరబడి ఆనుకొని ఉన్న చోటే, దాని పక్కనే, సన్నని గుంటలు పడతాయి. తుమ్మలపెంట తీరం మీకు దగ్గరే కాబట్టి ఉప్పుగాలి బయటినుంచి కూడా పని చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో కురిసే వానలు, తుపాన్లు చాలవన్నట్లు, పల్లెల్లో కారు పెట్టిన షెడ్డులోనే యూరియా, పొటాష్ బస్తాలు వేస్తారు. ఎరువు బస్తాల పక్కన నిలిపిన బండ్లకు ఆ వైపు పైపులు, డ్రమ్ము వెనుక ఉండే బ్యాక్ ప్లేట్లు రెండింతలు తుప్పు పట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. మీ షెడ్డులో కూడా ఉంటే ముందు వాటిని తీసివేయించండి.

ఇక మీరు పాతిక ముప్పై సార్లు పెడల్ తొక్కడం గురించి. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, మళ్లీ చేయకుండా ఉండటానికి చెబుతున్నాను. బండి మామూలుగా నడిచేటప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ తన దారిలో మొదటి సగంలోనే తిరుగుతుంది. ఆ భాగం నునుపుగా ఉంటుంది. మిగతా సగాన్ని కప్పు ఎన్నడూ తుడవదు కనుక అక్కడ మడ్డి, తుప్పు పేరుకుంటాయి. పెడల్‌ను నేలదాకా తొక్కినప్పుడు మెత్తని కప్పు అంచు ఆ గరుకు మీదికి పోయి గీసుకుపోతుంది. ఆయిల్ మార్చే రోజు దాకా బాగా పనిచేసిన మాస్టర్ సిలిండర్ ఎయిర్ తీసిన మరునాడే జారడం మొదలుపెట్టడానికి సాధారణంగా ఇదే కారణం. మీ మాస్టర్ సిలిండర్ కప్పులు ఇప్పటికే గీసుకుపోయాయని అనుకొనే పని మొదలుపెట్టండి.

ఎడమ వెనుక చక్రం పట్టేయడం ఒక విధంగా మంచి ఆధారం. అంబాసడర్‌లో వెనుక యాక్సిల్‌కు బాడీ నుంచి ఒకే ఒక్క హోస్ వెళుతుంది. అక్కడినుంచి ఇనుప పైపులుగా చీలి రెండు చక్రాలకు చేరుతుంది. ఆ హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటే రెండు వెనుక చక్రాలూ పట్టేయాలి. నాలుగూ పట్టేసి ఉంటే మాస్టర్ సిలిండర్‌లోని సన్న రంధ్రాన్నో, పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే పుష్ రాడ్ సర్దుబాటునో అనుమానించాలి. మీకు ఒక్క చక్రమే పట్టింది కాబట్టి దోషం ఆ డ్రమ్ములోనే ఉంది. వీల్ సిలిండర్ పిస్టన్ బయటికి వచ్చి తుప్పులో ఇరుక్కుని ఉండవచ్చు, షూ మీది ఒరిపిడి పట్టీ అయిన లైనర్ ఊడి డ్రమ్ముకు అడ్డుపడి ఉండవచ్చు, హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుసుకొని ఉండవచ్చు. మీరు తొక్కిన తర్వాతే పట్టిందంటున్నారు కనుక మొదటి దానికే నా ఓటు. వీల్ సిలిండర్ వెనుక గాలి తీయడానికి ఉండే బ్లీడింగ్ నిపుల్ కొంచెం వదులు చేసి చూడండి. ఒత్తిడితో ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే దోషం పైపు దారిలో ఉంది, చిమ్మకుండా పట్టు అలాగే ఉంటే డ్రమ్ము లోపలే ఉంది. మరొక మాట. కొన్ని నమూనాల్లో వెనుక వీల్ సిలిండర్ బ్యాక్ ప్లేటుకు బిగించి ఉండదు, గాడిలో అటూ ఇటూ జారుతూ రెండు షూలనూ నెడుతుంది. ఆ గాడి తుప్పు పట్టినా ఇదే లక్షణం కనబడుతుంది, సిలిండర్ కొత్తది వేసినా పోదు. గాడిని శుభ్రం చేసి బ్రేకులకు వాడే గ్రీజు పలుచగా రాయాలి.

బండిని ఎత్తే ముందు రెండు మాటలు. జాకీ ఎత్తడానికే గాని, ఆపి ఉంచడానికి కాదు. ఇనుప స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చి కింద దూరే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు, అవి చెప్పకుండా పగులుతాయి. నేలమీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా దుంగలు పెట్టండి, ఎందుకంటే ఈ పనిలో బ్రేకు ఉండదు.

డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచుమీద కొట్టవద్దు. పోత ఇనుము గాజులాగా పగులుతుంది. ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదలండి, షూల దూరం సర్దే అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలను లోపలికి రానివ్వండి, డ్రమ్మును హబ్బుకు పట్టి ఉంచే చిన్న స్క్రూలు ఉంటే తీయండి, మధ్యలో హబ్బు చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు చెక్క సుత్తితో చుట్టూ తట్టితే సాధారణంగా వస్తుంది. లోపలి అంచున తుప్పు గట్టు కట్టి షూలను పట్టుకుంటుంది. అప్పుడు ఒకవైపే లాగకుండా అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ తీయాలి.

డ్రమ్ము తీయగానే చాలామంది కంప్రెసర్ గాలి పెట్టి దుమ్ము ఊదుతారు. ఆ పని చేయవద్దు, చేయనివ్వవద్దు. ఆ కాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులకు దారితీస్తుంది. సబ్బు నీళ్లు చిమ్మి తడిపి, పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయాలి. మేము కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఆ దుమ్మును నోటితోనే ఊదేవాళ్లం.

లైనర్ల సంగతి త్వరగా ముగిస్తాను. ఆయిల్ తాగిన లైనర్‌ను మంటమీద కాల్చి మళ్లీ వాడటం మన వర్క్‌షాపుల్లో మామూలే. పైన ఆరినట్లు కనబడినా వేడెక్కినప్పుడు లోపలి ఆయిల్ మళ్లీ ఉబికివస్తుంది, బండి ఒకవైపు లాగుతుంది. పారవేయండి. గమ్ముతో అతికించిన లైనర్ల కింద షూ తుప్పు పట్టి లైనర్‌ను పైకి లేపుతుంది. చూడటానికి మందం బాగానే ఉంటుంది, ఉలి కొసతో అంచున మీటితే పలకలాగా ఊడివస్తుంది. రివెట్లు కొట్టిన లైనర్లకు ఈ బాధ తక్కువ. ఏది మార్చినా ఒక యాక్సిల్ మీద రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. డ్రమ్ము లోపల పైపైన తుప్పు ఉంటే లేత్ మీద తేలికగా తిప్పించవచ్చు. గుంటలు పోయేదాకా తిప్పమని పట్టుబట్టకండి, పలచబడిన డ్రమ్ము వేడికి సాగి పెడల్ దిగిపోతుంది.

ఇప్పుడు అసలు పని, వీల్ సిలిండర్లు. నిపుల్ విరగకుండా తీయడమే సగం పని. మామూలు రెంచీ పెడితే మూలలు గుండ్రబడిపోతాయి. ఆరు పలకల రింగు గాని బాక్స్ స్పానర్ గాని సరిగ్గా కూర్చోబెట్టి, ముందు బిగించే వైపు చిటికెడు కదిలించి, తర్వాత వదులు చేయాలి. విరిగితే డ్రిల్లు పెట్టి తంటాలు పడేకంటే ఆ సిలిండర్‌ను వదులుకోవడం మేలు. ఇరుక్కున్న పిస్టన్‌ను తీయడానికి గాలి పెడితే అది తుపాకీ గుండులా వస్తుంది, వేలు అడ్డుపెట్టి గోరు పోగొట్టుకున్న కుర్రవాడు మా దగ్గరే ఉన్నాడు. నేను సిలిండర్‌ను బయటికి తీసి, నిపుల్ రంధ్రం మూసి, ఆయిల్ వచ్చే రంధ్రానికి గ్రీజు గన్ను తగిలించి నెమ్మదిగా కొడతాను. గ్రీజు పిస్టన్‌ను ఎగిరిపడకుండా తోసుకొస్తుంది. ఆ తర్వాత గ్రీజును పూర్తిగా కడిగివేయాలి. కప్పులు ఎలాగూ పారవేసేవే కనుక వాటికి గ్రీజు తగిలినా ఫరవాలేదు.

కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా బ్రేకు శుభ్రం చేసే స్ప్రే వాడండి, అవి లేకపోతే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇంజనాయిలు లోపలి భాగాలకు తగలకూడదు. ఈ మాటకు నా దగ్గర ఒక ఖరీదైన ఉదాహరణ ఉంది. ఒంగోలు నుంచి ఒక పెద్దాయన తన ప్రీమియర్ పద్మిని తెచ్చారు. నాలుగు చక్రాలూ పట్టేశాయి, పెడల్ రాయిలాగా ఉంది. మాస్టర్ సిలిండర్ మూత తీస్తే దాని రబ్బరు తడిసిన వడియంలాగా ఉబ్బి ఉంది. ఇంట్లో పనివాడు "ఆయిలే కదా" అని ఇంజనాయిలు పోశాడట. బ్రేకు రబ్బరు గ్లైకాల్‌కు తట్టుకుంటుంది గాని పెట్రోలియం నూనెలకు తట్టుకోదు, మెత్తబడి ఉబ్బిపోతుంది. పోసింది టీ గ్లాసెడు కూడా లేదు. మొత్తం రబ్బరు, మూడు హోసులు, చివరికి ఇనుప పైపులన్నీ ఆల్కహాల్‌తో కడగడం, ఇదంతా చేయవలసి వచ్చింది. మీ షెడ్డులో ఆ డబ్బా మీద ఏమి రాసి ఉందో ఒకసారి చూడండి. మీరు పోసినది నిజంగా బ్రేక్ ఆయిలేనా అన్నది నాకు ఇక్కడినుంచి తెలియదు.

కడిగాక సిలిండర్ గోడను వెలుతురుకు పెట్టి చూడాలి. మరకలు, రంగు మారిన వలయాలు ఉంటే భయపడనక్కర లేదు. గోరుతో, లేదా సన్నగా చెక్కిన వెదురు పుల్లతో గీచి చూడండి. కప్పు తిరిగే మేర ఎక్కడైనా పుల్ల తట్టుకుంటే ఆ సిలిండర్ పని అయిపోయింది. ఇక్కడే చాలామంది ఎమరీ కాగితం పెట్టి గుంట పోయేదాకా రుద్దుతారు. నేనూ చేశాను. సొంతంగా పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక మార్క్ 2 బండికి గుంటలున్న వెనుక సిలిండర్‌ను రుద్ది, కొత్త రబ్బరు కప్పుల కిట్టు వేసి, "కొత్తదానికంటే బాగుంది" అని చెప్పి పంపాను. పెడల్ అద్భుతంగా ఉంది. నెల తర్వాత ఆ కుటుంబం శ్రీశైలం వెళుతూ దోర్నాల దాటి ఘాట్ ఎక్కకముందే బ్రేకు పోయింది. బండి నెమ్మదిగా ఉంది, ఎదురుగా మట్టి గట్టు ఉంది కాబట్టి ఎవరికీ దెబ్బలు తగలలేదు. విప్పి చూస్తే నేను రుద్దిన చోట సిలిండర్ వెడల్పై, ఒత్తిడికి కప్పు అంచు పిస్టన్ పక్కకు మడతపడి ఉంది. అదే దిగేటప్పుడు జరిగి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి. అప్పటినుంచి గుంట ఉన్న సిలిండర్‌కు నేను కిట్టు వేయను. కొత్తది వేస్తాను, లేదా లేత్ మీద తొలిచి లోపల కొత్త గోడగా ఇత్తడి స్లీవో స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవో వేయించి అసలు కొలతకు తెప్పిస్తాను.

అంబాసడర్ 2014 దాకా తయారైంది కాబట్టి సామాను విషయంలో మీరు అదృష్టవంతులు. నెల్లూరు ఆటోనగర్‌లో దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నై జీపీ రోడ్డులోనో వెదకవచ్చు. అయితే పేరు చెప్పి కొనవద్దు, పాత సిలిండర్ చేతబట్టుకొని వెళ్లి కొలిచి కొనండి. తర్వాతి కాలపు కొన్ని అంబాసడర్లకు ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి, వాటి మాస్టర్ సిలిండర్ మీ బండికి తగదు. వీల్ సిలిండర్ వ్యాసంలో చిన్న తేడా కూడా లెక్కలోకి వస్తుంది. 19 మిల్లీమీటర్ల చోట 22 మిల్లీమీటర్లది వేస్తే పిస్టన్ వైశాల్యం సుమారు మూడో వంతు పెరుగుతుంది, ఆ చక్రం అంత ఎక్కువ బలంగా పడుతుంది. వెనుక చక్రాలకు అలా జరిగితే తడిరోడ్డు మీద బండి అడ్డం తిరుగుతుంది. ఇంకొకటి, దుకాణం అటక మీదినుంచి దించిన "ఒరిజినల్" కిట్టు ఇరవై ఏళ్ల నాటిదైతే దాని రబ్బరు వయసు కూడా ఇరవై ఏళ్లే. కప్పును వేళ్ల మధ్య మడిచి చూడండి, అంచున సన్నని పగుళ్లు కనబడితే తిరిగి ఇచ్చేయండి.

మాస్టర్ సిలిండర్‌కు గోడ పరీక్ష ఇదే. అదనంగా చూడవలసింది ఆయిల్ గదికి, సిలిండర్‌కు మధ్య ఉండే సూదిమొనంత రంధ్రం. పెడల్ వదిలినప్పుడు మిగిలిన ఒత్తిడి ఆ రంధ్రం గుండానే వెనక్కి పోవాలి. మడ్డితో అది మూసుకుంటే తొక్కిన కొద్దీ బ్రేకులు బిగుసుకుంటాయి, వదలవు. సన్న రాగి తీగతో శుభ్రం చేయండి, ఉక్కు సూది పెడితే రంధ్రం అంచు లేచి కొత్త కప్పును కోస్తుంది. బిగించాక పుష్ రాడ్ కొసకూ పిస్టన్‌కూ మధ్య పిసరంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రంధ్రం తెరుచుకోదు. సర్వీసు పుస్తకంలోని కొలత దొరికితే అదే పాటించండి. మూతకు ఉన్న గాలి రంధ్రాన్ని కూడా మరవవద్దు, షెడ్డులో నిలిచిన బండ్లకు అందులో కందిరీగలు మట్టి పెట్టడం చూశాను.

హోస్ పైపుల విషయంలో నా మాట విని చూడకుండా మార్చండి. బయట నల్లగా నిగనిగలాడే హోస్ లోపల ఉబ్బి సూదిబెజ్జమంత దారి మిగులుతుంది. మీ కాలి బలం ఆయిల్‌ను అవతలికి నెడుతుంది గాని షూ స్ప్రింగుల బలం దాన్ని వెనక్కి నెట్టలేదు. ఒక ఫియట్‌కు ముందు కుడి చక్రం పట్టేస్తుంటే నేను మూడు రోజుల్లో వీల్ సిలిండర్ రెండుసార్లు మార్చాను, డ్రమ్ము తిప్పించాను, చివరికి హోస్‌ను కోసి చూస్తే అగ్గిపుల్ల కూడా దూరలేదు. బండి యజమానికి రెండో సిలిండర్ డబ్బు తిరిగి ఇచ్చాను.

ఇనుప పైపులు క్లిప్పుల కింద, యాక్సిల్ మీద మట్టి పట్టిన చోట్ల తుప్పు పడతాయి. వైరు బ్రష్షుతో గీకితే నునుపు లోహం బయటపడాలి, పొరలు రాలితే మార్చాలి. మార్చేటప్పుడు ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే మెత్తని రాగి పైపు వేస్తామంటారు, వంచడానికి సులువు కనుక. ఒప్పుకోవద్దు. శుద్ధ రాగి కదలికలకు గట్టిపడి పగులుతుంది. బ్రేకులకు తయారైన ఉక్కు పైపు గాని, రాగి-నికెల్ మిశ్రమం పైపు గాని వేయాలి, కొసలను విప్పార్చి రెండు మడతలు పెట్టే ఫ్లేరింగు చేయించాలి. అంబాసడర్ మరలు అంగుళాల కొలతవి, ఫియట్‌వి మిల్లీమీటర్లవి. ఒకదాని నట్టు మరొకదానిలోకి రెండు మూడు చుట్లు తిరిగి "పట్టింది" అనిపిస్తుంది, ఒత్తిడికి ఊడిపోతుంది.

ఆయిల్ ఏది అని కూడా అడిగారు. బ్రేక్ ద్రవం రకాల్లో డాట్ 3 లేదా డాట్ 4, మూత తెరవని చిన్న డబ్బాలు. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 కనీసం 230 దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అవే అంకెలు 140కి, 155కి పడిపోతాయి. ఘాట్ దిగేటప్పుడు వీల్ సిలిండర్ వేడెక్కి నీరు చేరిన ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నలుగుతుంది గనుక పెడల్ నేలకు పోతుంది. పాత ఆయిల్ మీద కొత్తది కలిపి సరిపెట్టకూడదనడానికి ఇది రెండో కారణం. డాట్ 5 అనేది సిలికోన్ ద్రవం, తేమ పీల్చదు కనుక నిలిపి ఉంచే బండ్లకు మంచిదని కొందరు ఇష్టపడతారు. మొత్తం రబ్బరు కొత్తది వేసి, పైపులు ఆరబెట్టి పోస్తేనే అది చెల్లుతుంది, గ్లైకాల్‌తో కలవదు, పెడల్ కొంచెం మెత్తగా ఉంటుంది. నేను వాడను. అత్యవసరంలో దారిలో ఏ దుకాణంలోనైనా దొరికేది డాట్ 3, డాట్ 4 మాత్రమే, ఎవరో ఒకరు అవి కలిపి పోస్తారు. పేరు దగ్గరగా ఉన్న డాట్ 5.1 మళ్లీ గ్లైకాల్ జాతిదే, దాన్నీ దీన్నీ ఒకటనుకోవద్దు. ఆయిల్ పెయింటు మీద పడితే గుడ్డతో తుడవకుండా వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే మీ నాన్నగారి బండి రంగు పొరలుగా లేస్తుంది.

ఎయిర్ తీసే ముందు షూలను అడ్జస్టర్లతో డ్రమ్ముకు దగ్గరగా తేవాలి, లేకపోతే గాలి లేకపోయినా పెడల్ దిగుతుంది. మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది కనుక దూరపు చక్రమైన ఎడమ వెనుకతో మొదలుపెట్టి, కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు వరుసలో రావాలి. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. పెడల్ దగ్గర మనిషి నెమ్మదిగా తొక్కి పట్టాలి, నిపుల్ బిగించాకే వదలాలి. పైన గది ఎన్నడూ ఖాళీ కాకూడదు. సీసాలో పడిన ఆయిల్ ఎంత తేటగా ఉన్నా తిరిగి పోయవద్దు. తొందరపడి దబదబ తొక్కితే గాలి చిన్న బుడగలుగా చీలి ఇంకా మొండికేస్తుంది.

తర్వాతి పరీక్షలో పెడల్ మీద మూడు లక్షణాలు చూడండి. రబ్బరు బంతిలా మెత్తగా ఉంటే గాలి మిగిలింది. రెండు మూడు సార్లు తొక్కితే పైకి వస్తే షూలు ఇంకా దూరంగా ఉన్నాయి. గట్టిగా తొక్కి పట్టి ఒక నిమిషం ఉంచినప్పుడు నెమ్మదిగా కుంగితే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ కప్పు లోపలే వదులుతోంది. ఈ పరీక్ష నెగ్గాక నేను పెడల్‌కూ సీటుకూ మధ్య కర్ర ఒత్తిపెట్టి ఒక రాత్రి వదిలేస్తాను. తెల్లవారి ప్రతి బ్యాక్ ప్లేటు అడుగున, ప్రతి పైపు నట్టు దగ్గర తెల్ల కాగితం అద్ది చూస్తాను. తడి తగిలితే మళ్లీ విప్పుతాను.

హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను ఈ పనిలోనే తీయించి, కదలకపోతే కొత్తది వేయించండి. మొదటి నడక మీ కళ్లంలోనో ఖాళీ పొలంలోనో, మనిషి నడిచే వేగంలో, ఒక చేయి హ్యాండ్ బ్రేకు మీద ఉంచి చేయండి. ఆ తర్వాత ఊరి దారిలో 20 కిలోమీటర్ల వేగం. ఆగాక నాలుగు డ్రమ్ముల మీదికి అరచేయి దగ్గరగా తెచ్చి చూస్తే ఏ చక్రం ఎక్కువ పడుతోందో, ఏది పడటం లేదో వేడే చెబుతుంది. కొత్త లైనర్లు డ్రమ్ము ఒంపుకు సర్దుకోవడానికి వంద కిలోమీటర్లు పట్టవచ్చు, అప్పుడు షూలను మరొకసారి సర్దాలి, ఆయిల్ మట్టం చూడాలి. మట్టం తగ్గి ఉంటే పోసి ఊరుకోవద్దు, ఎక్కడికి పోయిందో కనుక్కోండి.

జాతీయ రహదారి మీద నెల్లూరు ప్రయాణం ఆ తర్వాత పెట్టుకోండి, అదీ నవంబరు వానల్లో కాదు. డ్రమ్ముల్లోకి నీరు చేరితే కొత్త బ్రేకులు కూడా కాసేపు జారతాయి, నీళ్లు దాటాక పెడల్‌ను తేలికగా నొక్కుతూ కొంత దూరం నడిపి ఆరబెట్టాలి. ఎడమ వెనుక డ్రమ్ము విప్పిన రోజున సిలిండర్ వెనుక పోతపోసిన కొలత, గోడ ఫోటో పంపండి. అది చూశాక కొత్తది కొనాలో, స్లీవ్ వేయిస్తే సరిపోతుందో చెబుతాను.